ఊరి బడికి ఊరి ఐవారు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో ఉపాధ్యాయ శిక్షణ దారులు

కడప జిల్లా పడమటి భాగంలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో పుట్టి పెరిగి, అక్కడే చదువుకొని, తిరిగి అక్కడి బడుల్లోనే పాఠం చెప్పాలనుకునేవారికి తక్కువ ఖర్చుతో అందే శిక్షణ మార్గాలు ప్రధానంగా రెండు. ఇంటర్మీడియట్ తర్వాత రెండేళ్ళ డి.ఎల్.ఎడ్. ఒకటి, డిగ్రీ తర్వాత రెండేళ్ళ బి.ఎడ్. రెండోది. ఈ రెండూ ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) మీదుగా జిల్లా ఎంపిక సంఘం పరీక్ష (డీఎస్సీ) దగ్గర కలుస్తాయి. పెద్దవాళ్ళు డి.ఎల్.ఎడ్.ను ఇప్పటికీ టీటీసీ అనే అంటారు. ఉద్యోగం వచ్చినవాణ్ణి ‘డీఎస్సీ కొట్టినాడు’ అంటారు. బడి పంతులు రాయలసీమ పల్లెల్లో ఐవారు; పలుకుబడిలో ఐవోరు.

ఈ వ్యవస్థను అర్థం చేసుకోవడానికి ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. స్థానికులకే ఉద్యోగాలు అని నిబంధనలు గట్టిగా చెబుతాయి గాని, ఆ స్థానికత కొలత జిల్లా. ఊరు కాదు. సొంత ఊరి ఐవారు అన్న మాటలో ఊరనేది ఏ ఉత్తర్వులోనూ కనబడదు.

పూర్వరంగం

చదువుకునే పిల్లల్లోంచే చదువు చెప్పేవారిని తయారు చేయడం ఈ నేలకు కొత్త కాదు. వీధి బడిలో పెద్ద పిల్లవాడు చిన్నవాళ్ళ చేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవాడు. 1789 ప్రాంతంలో మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ ఈ పద్ధతిని చూసి అమలుపెట్టాడు. తర్వాత ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’గా పేరు తెచ్చుకుంది. పంతుళ్ళ తయారీకి అంతకన్నా చవకైన దారి లేదు. నాణ్యత మాట వేరు.

ప్రభుత్వం తరఫున మొదటి ఆలోచన థామస్ మన్రోది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఈ ప్రాంతాన్ని ఊరూరా తిరిగి చూసినవాడు. మద్రాసు గవర్నరయ్యాక 1822లో ప్రెసిడెన్సీలోని బడుల లెక్క తీయించాడు. 1826 మార్చిలో రాసిన అధికారిక పత్రంలో (మినిట్) అసలు జబ్బు ఇదని తేల్చాడు: పంతులుకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదు, ఆ రాబడికి చదువుకున్నవాడు ఈ వృత్తిలోకి రాడు. కలెక్టరేటు బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, తహసీలు బడి పంతులుకు 9 రూపాయలు ఇవ్వాలనీ, ఉపాధ్యాయుల శిక్షణకు మద్రాసులో ఒక బడి నడపాలనీ ఆ పథకం. జిల్లాల నుంచి మనుషులను రప్పించి, నేర్పి, తిరిగి వాళ్ళ జిల్లాలకే పంపడం అందులో కీలకం. మరుసటి ఏడాది పత్తికొండ దగ్గర కలరాతో మన్రో చనిపోయాడు. పథకం ఆయన అనుకున్నంత దూరం సాగలేదు. అదే రోజుల్లో, 1821లో, సి.పి. బ్రౌన్ కడపలో ఉచిత పాఠశాలలు పెట్టి తన జీతంలోంచి నడిపాడు.

మద్రాసు రాష్ట్రం నాటి శిక్షణ మెట్లు నేటి పేర్లలో మిగిలే ఉన్నాయి. ఎనిమిదో తరగతి స్థాయి పరీక్ష పాసై శిక్షణ పొందినవారు హయ్యర్ గ్రేడ్, ఎస్.ఎస్.ఎల్.సి. పాసై పొందినవారు సెకండరీ గ్రేడ్. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చెప్పే టీచరును సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్జీటీ) అని ఎందుకంటారో కొత్తగా చేరినవారికి అంతుబట్టదు. ఆ సెకండరీ అతను చెప్పే తరగతి కాదు, ఒకప్పుడు అతను చదివిన చదువు.

భాషా పండితుల దారి వేరుగా ఉండేది. జమ్మలమడుగు తాలూకా నెమళ్ళదిన్నెలో పుట్టిన గడియారం వేంకట శేషశాస్త్రి ప్రొద్దుటూరులో తెలుగు పండితుడిగా పనిచేస్తూనే ‘శివభారతం’ రాశారు. సొంత తాలూకాకు పక్క ఊళ్ళో బతుకంతా పాఠం చెప్పిన ఐవారికి ఆయనకన్నా మంచి ఉదాహరణ ఈ ప్రాంతంలో దొరకదు. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో ‘శివతాండవం’ అల్లిన పుట్టపర్తి నారాయణాచార్యులు విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు తాను చిన్నతనంలో రాసిన ‘పెనుగొండ లక్ష్మి’యే అక్కడ పాఠ్యగ్రంథం. పాండిత్యం ఉన్నా పట్టా లేనిదే కొలువు లేదన్న నియమం ఎంత పాతదో చెప్పడానికి సీమలో ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

లోకల్, నాన్‌లోకల్

1973 ఆరు సూత్రాల పథకం, దాని వెంట వచ్చిన రాజ్యాంగంలోని 371డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు: ఈ మూడింటి మీద నేటి నియామకాలు నిలబడ్డాయి. జిల్లా కేడరు ఉపాధ్యాయ పోస్టుల్లో 80 శాతం ఆ జిల్లా స్థానికులకు, 20 శాతం అందరికీ. శిక్షణ కళాశాలల ప్రవేశాలకు లెక్క వేరు. 1974 ఉత్తర్వు ప్రకారం బి.ఎడ్. సీట్లలో 85 శాతం శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతానికి చెందుతాయి. రాయలసీమ నాలుగు జిల్లాలతో పాటు నెల్లూరు కూడా అందులోదే. అంటే సీటు కోసం నెల్లూరు పిల్లవాడు కడపవాడికి లోకల్, ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి నాన్‌లోకల్.

ఎవరు స్థానికులన్నది తేల్చేది ఆధార్ కార్డూ కాదు, రేషన్ కార్డూ కాదు, అవ్వతాతలు పుట్టిన ఊరూ కాదు. బడి. పదో తరగతి పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్ళు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా. అలా కుదరకపోతే నాలుగు నుంచి పది దాకా ఏడేళ్ళలో ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివితే అది. బడికి పోకుండా ప్రైవేటుగా పరీక్ష రాసినవారికి మాత్రం తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం.

ఈ నిబంధన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వాళ్ళను కొంచెం ప్రత్యేకంగా తాకుతుంది. ఉత్తరాన కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ, పడమట తాడిపత్రి. పొలిమేర దాటితే పాత కర్నూలు, అనంతపురం జిల్లాలు. మంచి హాస్టలు ఉన్న బడి అని పిల్లవాణ్ణి నంద్యాలలో చేర్చే ఇళ్ళు జమ్మలమడుగు వైపు తక్కువేం కాదు. ఏడో తరగతిలో చేర్పిస్తే వరుస నాలుగేళ్ళూ అక్కడే పూర్తయి వాడు కర్నూలు లోకల్ అవుతాడు. ఒక్క ఏడాది ఆగి ఎనిమిదిలో చేర్పిస్తే, ఏడేళ్ళలో నాలుగు కడపలోనే గడిచాయి కాబట్టి కడప లోకల్. పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి బస్సెక్కించేటప్పుడు ఈ లెక్క ఏ తండ్రికి తడుతుంది? పదేళ్ళ తర్వాత డీఎస్సీ దరఖాస్తు నింపేటప్పుడు తడుతుంది.

ఒక్కోసారి ఇదే లెక్క లాభం కూడా. 2025 మెగా డీఎస్సీలో ఉమ్మడి కడప జిల్లాకు 705 పోస్టులు వస్తే, ఉమ్మడి కర్నూలుకు 2,645 వచ్చాయి. 2022లో జిల్లాలు విడిపోయినా ఈ నియామకాలకు పాత పదమూడు జిల్లాలనే ప్రమాణంగా తీసుకున్నారు.

డైట్ దారి

అన్నిటికన్నా చవకైన దారి ఇదే. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ (డైట్) ఏర్పడింది. కడప జిల్లాకు అది రాయచోటిలో పెట్టారు. ప్రొద్దుటూరు నుంచి కడప మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. 2022లో రాయచోటి అన్నమయ్య జిల్లాలోకి పోయింది గనక, ప్రొద్దుటూరు అమ్మాయి తన జిల్లా డైట్‌లో చేరాలంటే జిల్లా దాటాలి.

ఇంటర్మీడియట్‌లో 50 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం, వయసు పదిహేడు నిండి ఉండాలి. ప్రవేశ పరీక్ష డీసెట్. ప్రభుత్వ డైట్‌లో ఫీజు ఏడాదికి కొద్ది వేలే. సంక్షేమ హాస్టల్లో చోటు దొరికితే ఆ కుటుంబానికి పడే భారం బస్సు చార్జీలు, రికార్డు పుస్తకాలు, చార్టులు, స్కెచ్ పెన్నులు.

ఆ చార్టుల సంగతి కొంచెం చెప్పాలి. శిక్షణలో ఉన్నవారిని ఛాత్రోపాధ్యాయులంటారు. బోధనాభ్యాసానికి బడికి వెళ్ళే రోజున సంచిలో లెసన్ ప్లాన్ రికార్డు, అట్టముక్కతో చేసిన గడియారం, పదేసి చొప్పున రబ్బరుబ్యాండు వేసిన చీపురుపుల్లల కట్టలు ఉంటాయి. మూడో తరగతి పిల్లలకు 42లోంచి 17 తీసివేయాలి. బోర్డు మీద ‘అప్పు తెచ్చుకోవడం’ అని చెబితే సగం మందికి ఎక్కదు. ఒక కట్ట తీసి, రబ్బరుబ్యాండు విప్పి, పది పుల్లలు ఒకట్ల పక్కన పోసి, ఇప్పుడు పన్నెండులోంచి ఏడు తీయమంటే వెనకబెంచీవాడు కూడా వేళ్ళు మడుస్తాడు. ఖరీదు రూపాయి కూడా కాదు. కడుపులో గుబులు, వెనక కూర్చున్న పర్యవేక్షకుల చూపు, చేతిలో జారిపోయే పుల్లలు: రెండేళ్ళ చదువులో గుర్తుండేది ఈ నలభై నిమిషాలే.

ప్రైవేటు డి.ఎల్.ఎడ్. కళాశాలలు ఒకప్పుడు వరసగా పుట్టుకొచ్చాయి. హాజరు లేకుండా పట్టా ఇచ్చే బేరం కొన్నిచోట్ల నడిచింది, నియామకాలు లేని ఏళ్ళలో చాలామటుకు వెలవెలబోయాయి. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు ఈ కోర్సుకు మళ్ళీ గిరాకీ తెచ్చింది. ప్రాథమిక తరగతులకు బి.ఎడ్. వారు అర్హులు కారని, 2018లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఇచ్చిన వెసులుబాటు చెల్లదని ఆ తీర్పు. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన ప్రకటనలో బి.ఎడ్. వారిని ఎస్జీటీలకు అనుమతిస్తే హైకోర్టు ఆపింది. దాంతో ఊరి ప్రాథమిక పాఠశాలే గమ్యమనుకున్నవారికి డి.ఎల్.ఎడ్. తప్ప వేరే దారి లేకుండా పోయింది.

ఉర్దూ మాధ్యమం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణాల్లో ఉర్దూ బడులున్నాయి. ఉర్దూ మాధ్యమంలో శిక్షణ పొందినవారికి పోటీ తక్కువ. కాని రిజర్వేషన్ రోస్టరులో ఎస్సీ, ఎస్టీలకు పడిన ఉర్దూ పోస్టులకు అభ్యర్థులు దొరక్క ఖాళీగా ఉండిపోవడం ఏళ్ళ తరబడి సాగుతున్న వింత.

బి.ఎడ్. దారి

ఆరు నుంచి పది తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంటు కావాలంటే డిగ్రీ, ఆపైన బి.ఎడ్. ఒకప్పుడు ఏడాదిగా ఉన్న బి.ఎడ్. 2015 నుంచి రెండేళ్ళయింది. పేద ఇంటికి ఆ అదనపు ఏడాది ఫీజుకన్నా ఎక్కువ బరువు, ఎందుకంటే సంపాదించగల వయసులో మరో ఏడాది ఖాళీ.

జిల్లాలోని బి.ఎడ్. కళాశాలల్లో ఎక్కువ భాగం ప్రైవేటువి. కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయ పరిధిలోవి. ప్రభుత్వ బి.ఎడ్. కళాశాల కావాలంటే కర్నూలుకో నెల్లూరుకో పోవాలి. వేమన విశ్వవిద్యాలయం తన ఇంజనీరింగ్ కళాశాలను ప్రొద్దుటూరులో పెట్టింది. పులివెందులకు జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల, దాపునే ఇడుపులపాయకు ట్రిపుల్ ఐటీ వచ్చాయి. ఇంజనీరు కావడానికి ఇల్లు కదలనక్కర్లేని పులివెందులలో ప్రభుత్వ టీచరు శిక్షణకు మాత్రం మూటాముల్లె సర్దుకోవాలి.

కన్వీనర్ కోటాలో బి.ఎడ్. ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ ర్యాంకుతో సీటు వస్తే అర్హులకు బోధన రుసుము ప్రభుత్వం చెల్లిస్తుంది. ఈ రీయింబర్స్‌మెంట్ ఇంత విస్తృతంగా మొదలైంది పులివెందుల ఎమ్మెల్యే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే. పేరు మారుతూ వచ్చినా పథకం నిలిచింది. 75 శాతం హాజరు తప్పనిసరి. చిక్కల్లా సొమ్ము ఆలస్యం కావడంలో ఉంది. బకాయి రాలేదని కళాశాల సర్టిఫికెట్లు ఇవ్వకపోతే, డీఎస్సీ పరిశీలన నాటికి ఇల్లు వడ్డీకి అప్పు తేవాలి. ఉచిత చదువులో అప్పు పుట్టేది అక్కడే.

ఉద్యోగంలో ఉన్న ఎస్జీటీలు బి.ఎడ్. చేయడానికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్య ఉపయోగపడుతుంది. నేరుగా డిగ్రీ నుంచి వచ్చినవారికి అది తెరుచుకోదు. ముందే శిక్షణ ఉండాలి. ఇంటర్ తర్వాత నాలుగేళ్ళలో డిగ్రీ, బి.ఎడ్. కలిపి పూర్తి చేసే కోర్సులు మరో దారి. 1963లో మైసూరులో ఏర్పడిన ప్రాంతీయ విద్యా సంస్థ దక్షిణాది రాష్ట్రాల విద్యార్థుల కోసం దీన్ని చాలాకాలంగా నడుపుతోంది. ఒక ఏడాది కలిసొచ్చే మంచి కోర్సు, మన పల్లెల్లో దాని పేరు విన్నవారే అరుదు.

పట్టాకూ పోస్టుకూ నడుమ

కోర్సు ఎంత చవకైనా ఆ తర్వాతి ఎదురుచూపు చవక కాదు. 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ నియామకాలు జరిగింది 2025లో. ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు ప్రకటన వస్తే, దాదాపు 3.36 లక్షల మంది 5.77 లక్షల దరఖాస్తులు పెట్టారు. ఒక్కో పోస్టుకు రుసుము రూ.750. సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాలు అందాయి. తుది ఎంపికలో డీఎస్సీకి 80, టెట్‌కు 20 వెయిటేజీ కావడంతో, టెట్ పాసైనవారు కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్ళీ మళ్ళీ రాస్తారు.

ఈ ఖాళీ ఏళ్ళలోనే కోచింగ్ ఖర్చు మీద పడుతుంది. కృష్ణా జిల్లా అవనిగడ్డ డీఎస్సీ కోచింగుకు పెట్టింది పేరు. సీమ నుంచి పోయి అక్కడ గదులు అద్దెకు తీసుకొని నెలల తరబడి చదివినవారు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. నంద్యాల దగ్గరి మజిలీ. డైట్‌లో రెండేళ్ళకు అయిన ఖర్చు కోచింగులో రెండు మూడు నెలలకే దాటిపోతుంది. స్టడీ సర్కిళ్ళ ద్వారా ఇచ్చే ఉచిత శిక్షణ ఉంది గాని, ప్రకటన వచ్చాక మొదలయ్యే శిక్షణ ఆలస్యపు శిక్షణే. మిగతావారు ప్రొద్దుటూరు ప్రైవేటు బడుల్లో కొద్ది జీతానికి పగలు పాఠం చెప్పి, రాత్రి మెథడాలజీ బట్టీపడతారు.

ఎదురుచూపుకు హద్దు ఎంతవరకో 1998 డీఎస్సీ చూపించింది. ఆ నియామకాలపై తలెత్తిన వివాదంలో మిగిలిపోయిన అభ్యర్థుల్లో వేలమందిని పాతికేళ్ళ తర్వాత, 2023లో, కనీస వేతన స్కేలు మీద కాంట్రాక్టు ఎస్జీటీలుగా తీసుకున్నారు. తలనెరిసి, రిటైర్మెంటు వాకిట్లో నిలబడి వాళ్ళు మొదటిసారి హాజరుపట్టీ పట్టుకున్నారు.

వచ్చినవారికి మాత్రం బతుకు మారిపోతుంది. 2022 వేతన సవరణ ప్రకారం ఎస్జీటీ మూలవేతనం రూ.32,670తో, స్కూల్ అసిస్టెంటుది రూ.44,570తో మొదలవుతుంది. మన్రో చెప్పిన జబ్బు జీతం వైపు నుంచి నయమైంది.

ఊరివారినే ఎంచుకున్న ప్రయోగాలు

ఊరినే ప్రమాణంగా తీసుకున్న సందర్భాలు లేకపోలేదు. 1980లలో నెలకు రూ.398 మీద స్పెషల్ టీచర్లను నియమించారు. ఆ అంకెతోనే వాళ్ళను పిలిచేవారు. 1998 సామాజిక భాగస్వామ్య చట్టంతో బడి కమిటీలు వచ్చిన కాలంలో ఊళ్ళో చదువుకున్న యువతీ యువకులను విద్యా వాలంటీర్లుగా తీసుకున్నారు. ఊరు దొరికింది, జీతం దొరకలేదు, శిక్షణ అంతంతమాత్రం. ప్రభుత్వానికి చవకగా పడిన దారి పనిచేసినవారికి ఖరీదుగా పడింది.

శిక్షణతో కలిపి చేసిన ప్రయత్నం మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో జరిగింది. చుట్టుపక్కల పల్లెల్లో పెట్టిన చిన్న బడులకు ఆ పల్లెల యువతీ యువకులనే ఎంచి, 1980ల చివరి నుంచి అక్కడే తర్ఫీదు ఇచ్చారు. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ తమ తమ వేగంతో నిచ్చెన మెట్లలాంటి క్రమంలో కార్డులు పూర్తి చేసుకుంటూ పోతారు. కర్ణాటకలో ‘నలి కలి’కి, తమిళనాడులో కృత్యాధార బోధనకు ఇది ఒరవడి అయింది. పొరుగు రాష్ట్రాలు ఎత్తుకున్నంతగా పొరుగు తాలూకాలు ఎత్తుకోకపోవడం విచారకరం. మెక్సికోలో 1922లో మొదలైన గ్రామీణ నార్మల్ పాఠశాలలు రైతుకూలీల పిల్లలకు తిండి, వసతి పెట్టి పల్లె టీచర్లను చేశాయి. మన డైట్‌కు సంక్షేమ హాస్టలు తోడైతే వచ్చేది దాదాపు అదే.

2020 జాతీయ విద్యా విధానం ఈ ఆలోచనను కాగితం మీదికి తెచ్చింది. గ్రామీణ విద్యార్థులకు, ముఖ్యంగా అమ్మాయిలకు, నాలుగేళ్ళ సమీకృత బి.ఎడ్.కు ప్రతిభా ఉపకార వేతనాలివ్వాలనీ, పూర్తి చేశాక సొంత ప్రాంతంలో ఉద్యోగానికి ప్రాధాన్యం ఉండాలనీ, వాళ్ళు స్థానిక భాష మాట్లాడే టీచర్లవుతారనీ అందులో ఉంది. 80:20 నిబంధన ఉన్న రాష్ట్రంలో రెండో మాట సగం అమల్లో ఉన్నట్టే. మొదటిదే లోటు.

భాష మాట తేలిక కాదు. మొదటి తరగతి పుస్తకంలో గేదె బొమ్మ చూపి ఇదేమిటని అడిగితే జమ్మలమడుగు పల్లె పిల్ల ‘ఎనుము’ అంటుంది. వేరుశనగ ఆ పిల్లకు శెనక్కాయ. ఊరి ఐవోరు ఔనని, పుస్తకంలో మాట కూడా పక్కన చెబుతాడు. కోస్తా నుంచి వచ్చిన కొత్త టీచరు తప్పంటే, ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పడానికి నెల పడుతుంది.

పోస్టింగు, బదిలీ

జిల్లా లోకల్‌గా ఎంపికైనవారు ర్యాంకు ప్రకారం కౌన్సెలింగులో ఖాళీని ఎంచుకుంటారు. పట్టణానికి దగ్గరి బడులు పాతవారి చేతుల్లో ఉంటాయి కాబట్టి, కొత్తవారికి మిగిలేది రోడ్డు సరిగా లేని నాలుగో క్యాటగిరీ ఊళ్ళు. అవే బదిలీల్లో ఎక్కువ పాయింట్లు తెచ్చేవి కూడా. 2025 బదిలీల చట్టం ప్రకారం ఒకే బడిలో ఎనిమిదేళ్ళు పూర్తయితే టీచరు, అయిదేళ్ళు పూర్తయితే ప్రధానోపాధ్యాయుడు కదలక తప్పదు. పులివెందుల పిల్లకు బద్వేలు వైపు పోస్టింగు రావచ్చు, ఆ పాయింట్లు కూడబెట్టుకొని ఎనిమిదేళ్ళకు సొంత మండలం చేరవచ్చు. సొంత ఊరి బడికి చేరేవారు చేరుతున్నది ఇలా, చట్టం చేయిపట్టి కాదు, పాయింట్లు లెక్కేసుకొని.

ఈ దారిన పోదలచినవారు పదో తరగతి టి.సి. తీసుకునే రోజే, చదివిన ప్రతి బడి నుంచి నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు సీలుతో, ప్రధానోపాధ్యాయుల సంతకంతో తీయించి పెట్టుకోవాలి. మూతపడిన ప్రైవేటు బడి రిజిస్టరు కోసం మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు చుట్టూ తిరగడం డీఎస్సీ పరీక్ష కన్నా కష్టం.